ఆకాశం మీదుగా అమ్మ గొంతు

మొన్న అమ్మ ఫోను స్పీకరు పాడైపోతే పటాన్‌చెరు చౌరస్తాలో ఒక రిపేరు దుకాణానికి పట్టుకుపోయాను. దుకాణం భాయ్ ఫోను వెనక మూత ఊడదీసి, వెంట్రుకంత తీగకు సోల్డరింగ్ కడ్డీ ఆనించాడో లేదో, సన్నటి తెల్లపొగ లేచి నా ముక్కుల్లో దూరింది. బయట లారీల మోత, పక్కన మిర్చీబజ్జీల నూనె వాసన, ఎదురుగా కంపెనీ బస్సుల కోసం నిలబడ్డ జనం, ఇవన్నీ ఒక్క క్షణం మాయమై, కాలిన తగరం వాసన ఒక్కటే మిగిలి, నేను కర్దనూర్‌లో మా పాత ఇంటి వెనక గదిలో, రేడియో తీగలు అతికిస్తున్న అమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాను.

తొంభైలలో మా ఊళ్లో సగం మంది పొలాల్లో, సగం మంది కంపెనీల్లో ఉండేవాళ్లు. ఏ కాలమొచ్చిందో కళ్లు మూసుకుని వాసనతో చెప్పగలిగేవాళ్లం. వానాకాలమైతే బొగ్గుల మీద కాలిన మక్కకంకులు, బతుకమ్మ రోజులైతే తంగేడు పూలూ నేతితో కలిపిన మలీద ముద్దలూ, చలికాలమైతే పొద్దున్నే మంచులో కలిసి గొంతుకు అడ్డం పడే మందుల కంపెనీల వాసన. ఆ వాసన వచ్చినప్పుడు పెద్దవాళ్లు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకునేవాళ్లు, పిల్లలం మేం మాత్రం గచ్చకాయలు ఎగరేసుకుంటూ దగ్గుతూనే ఆడుకునేవాళ్లం.

మా ఇంట్లో దగ్గుకు ఇంకో పని కూడా ఉండేది. మా తాత, అంటే మేం బాపు అని పిలిచే నాన్నకు తండ్రి, నర్సిరెడ్డి, పొలం నుంచి వచ్చి గడపలో కాలు పెట్టేముందు గట్టిగా రెండుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, సగంలో ఉన్న మాటను మింగేసి, లోపలికి తప్పుకునేది. మామ ముందు కోడలు గొంతు వినిపించకూడదు, అది మా ఇంటి పద్ధతి. మరి ఇల్లు ఎట్లా నడిచేదంటే, నా మీదుగా నడిచేది. "తాతకు బువ్వ పెట్టిన్నని చెప్పు" అని అమ్మ గుసగుసగా అంటే నేను వాకిట్లోకి వెళ్లి చెప్పేదాన్ని. "పప్పుల ఉప్పు ఎక్కువైందని మీ అమ్మకు చెప్పు" అని తాత అంటే లోపలికి మోసేదాన్ని. ఇద్దరి మధ్యా పట్టుమని పదడుగులు ఉండవు, ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది, అయినా నేను చెప్పేదాకా ఇద్దరూ విననట్టే ఉండేవాళ్లు. ఆ కొలువంటే నాకు చాలా గర్వం.

అట్లాంటి అమ్మకు ఒక రేడియో ఉండేది. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. అమ్మ పుట్టిల్లు సంగారెడ్డి. వాళ్ల నాన్న టెలిగ్రాములు పంపే తారాఫీసులో పనిచేసేవాడు, ఆ టకటకలు అమ్మకు చిన్నప్పుడే వచ్చేశాయి. పెళ్లికి ముందే సర్కారు పరీక్ష రాసి రేడియోలో మాట్లాడే లైసెన్సు కూడా తెచ్చుకుంది. పెళ్లయ్యాక ఆ పెట్టె చాలాకాలం అటక మీద దుమ్ముకొట్టుకుని పడి ఉంటే, బాపే ఒక రోజు దించి, పాత అల్యూమినియం గొట్టాలు కొనుక్కొచ్చి ఇంటి మీద ఏరియల్ కట్టాడు. బాపు కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు, మాట తక్కువ మనిషి. ఏరియల్ బిగించి కిందికి దిగి, "ఇగ నీ ఇష్టం" అని మాత్రం అన్నాడు.

రష్యావాళ్లు వదిలిన ఒక ఉపగ్రహం రోజూ కొన్నిసార్లు మా నెత్తి మీదుగా పోయేది. అమ్మ ఇక్కణ్ణించి మాట్లాడితే ఆ మాటను అది పట్టుకుని, మళ్లీ భూమి మీదికి వదిలేది. అది కనిపించినంత మేర, సముద్రాల అవతల ఉన్నవాళ్లు కూడా వినొచ్చు. అంతా కలిపి పావుగంట, ఆ తర్వాత అది కిందికి వాలిపోయేది. ఇంకో వింత ఏమిటంటే, అమ్మ మాట అమ్మకే తిరిగి వినిపించేది. తాత పొలంలో ఉన్న ఒక పొద్దున అమ్మ హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టి మైకులో మాట్లాడింది. గరగరల మధ్య నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది, నిబ్బరంగా, గట్టిగా, టీచరు హాజరు పిలిచినట్టు. నేను బిత్తరపోయి హెడ్‌ఫోన్ పీకేసి అమ్మ మూతి వైపు చూశాను. అంత గొంతు ఈమెలో ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు. భయమేసి ఏడ్చాను కూడా.

ఊళ్లో మాత్రం రేడియోలో మాట్లాడేది బాపే అనుకునేవాళ్లు. తాతా అట్లాగే అనుకున్నాడు. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, "మా పోరడు తాష్కెంటు దాంక మాట్లాడ్తడు" అని మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. బాపు కాదనలేదు, అమ్మకు ఆ పావుగంట దక్కితే చాలు. నిజం తెలిస్తే తాత ఆ గొట్టాలు పీకి అవతల పారేస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడు దసరా మరునాడు పొద్దున తాత ఊరి పెద్దల్ని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు మాట్లాడేది వాళ్లకు వినిపిస్తానని మాటిచ్చాడట. ముందురోజే నాచేత కబురు పంపి, స్పీకరు డబ్బా వాకిట్లో పెట్టించాడు. రేడియో గదిలోనే స్పీకరు పెడితే అది మైకులో పడి కూతపెడుతుంది, అందుకని వైరు లాగి బయట పెట్టాల్సిందే. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, బాపు ఒక్కడే లేడు. రాత్రి డ్యూటీకి పోయినవాడు, అతని బదులు ఎక్కాల్సిన మనిషి రాక కంపెనీలోనే చిక్కుకున్నాడు.

"తాతకు చెప్పు, బాపు ఇంక రాలేదు, టైమైతున్నదని" అంది అమ్మ. వెళ్లి చెప్పాను. "వస్తడు తియ్" అన్నాడు తాత, కానీ చుట్ట ముట్టించుకోవడం మరిచిపోయి వట్టిగానే నములుతున్నాడు. ఇంతలో ఉపగ్రహం లేచింది. దాని కీచుకీచులు డబ్బాలో మొదలయ్యాయి. పెద్దలు మొదట నోళ్లు తెరిచి విన్నారు, కాసేపటికి ఒకరినొకరు చూసుకున్నారు. నర్సింలు తాత, మా తాతకు చిన్ననాటి జోడీ, తొడ చరిచి నవ్వాడు. "ఏంది నర్సిరెడ్డి, నీ కొడుకు రష్యాకే పోయిండా ఏంది మాట్లాడెతందుకు?"

తాత మొహం నల్లబడింది. తలుపు సందులోంచి అమ్మ ఆ మొహాన్ని చూసింది. వెంటనే వెనక గది తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను. 

"సీక్యూ, సీక్యూ" అని డబ్బాలోంచి అమ్మ గొంతు ఆ వాకిట్లో పడింది. ఎవరైనా ఉన్నారా అని పిలిచే పిలుపు అది. తర్వాత గడగడా ఇంగ్లీషు. పెద్దలు ఎవరో దొరసాని అనుకున్నారు. కానీ మాటల మధ్య "సంగారెడ్డి" అని వినబడేసరికి నర్సింలు తాత నవ్వు ఆగిపోయింది. అంతలో ఒక మగగొంతు బరువుగా, తడబడుతూ జవాబిచ్చింది. "సుగుణా, గుడ్ మార్నింగ్ సుగుణా, తాష్కెంట్."

"సుగుణ ఎవలు?" అన్నారెవరో. ఊళ్లో అమ్మ సంగారెడ్డామె, ఇంట్లో పెద్దకోడలు, ఆ పేరు పలికేవాళ్లే లేరు. పెళ్లి శుభలేఖలో దాన్ని అచ్చు వేయించిన తాతకు మాత్రం తెలుసు. తాత నోట్లోంచి చుట్ట జారి ధోతి మీద పడింది. లేచి నిలబడ్డాడు, చెయ్యి వైరు వైపు పోయింది. పీకేస్తాడనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

"నా కోడలు" అన్నాడు. వైరు జోలికి పోలేదు. పెద్దలు ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుని వెళ్లిపోయారు. ఆ రోజు పండుగ మటన్ అట్లాగే గిన్నెలో ఉండిపోయింది. బాపు వచ్చాక, "నీ పెండ్లాం గొంతు ఊరంత ఇన్నదిరా" అని తాత అరిచిన అరుపుకు అరుగు కింద కోళ్లు లేచిపోయాయి. అమ్మ గొట్టాలు తనే విప్పడానికి నిచ్చెన వేయించింది. అప్పుడు తాత నన్ను పిలిచి, గోడ వైపు చూస్తూ అన్నాడు. "మీ అమ్మకు చెప్పు, ఆ డబ్బ బయటనే ఉండనియ్యుమను."

ఆ తర్వాత తాత పొలానికి ఆలస్యంగా పోవడం మొదలుపెట్టాడు. వాకిట్లో నులకమంచం మీద, ఇంటివైపు వీపు పెట్టి కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాని ఆ ఇంగ్లీషును కళ్లు మూసుకుని వినేవాడు. ఉపగ్రహం దూరం పోతున్నకొద్దీ గొంతు బొంగురుపోతుంటే అమ్మ నాబ్ తిప్పి సర్దేది, "ఆఁ, మంచిగైంది" అని తనలో తను అనుకునేవాడు. మంచానికీ అమ్మకూ మధ్య ఒక మట్టిగోడ. కోడలి గొంతు మాత్రం ఆకాశం దాకా పోయి రావాల్సి వచ్చేది.

కొన్నేళ్లకు ఒక పొద్దున డబ్బా కీచుమనలేదు. ఉత్త గర్రుమనే చప్పుడు. మరునాడూ అంతే. పైనున్నది చచ్చిపోయిందని అమ్మకు ఎవరో చెప్పారు. ఆ మాట నేను తాతకు చేరవేస్తే, "ఇగ రాదా?" అని అడిగాడు. రాదట తాతా అన్నాను. ఎవరో పోయినట్టే నెత్తి మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఒక రోజు తాత దగ్గకుండా లోపలికొచ్చాడు. నేను పుట్టాక అట్లా రావడం అదే మొదలు. వెనక గది గడప దగ్గర, తలుపు చెక్క పట్టుకుని నిలబడి, నన్ను కాదు, తిన్నగా అమ్మనే చూశాడు.

"సుగుణా, ఏమన్న జెర మాట్లాడు బిడ్డా. ఇల్లు బోసిగున్నది."

అమ్మ ఉలిక్కిపడి లేచింది, మెడకు వేలాడుతున్న హెడ్‌ఫోన్ వైరు తెగింది. తాష్కెంటుతో తడబడని మనిషి అలవాటుగా నా వైపు తిరిగి, "తాతకు చాయ్ పెడ్తున్నని చెప్పు" అంది.

నేను నోరు తెరిచాను. తాత చెయ్యెత్తి ఆపాడు. "నువ్వూకో. నాకు ఇనవడ్డది."

ఆ రోజుతో నా కొలువు ఊడింది. ఇప్పుడు తాత లేడు. మట్టిగోడ ఉన్నచోట గోదాములు లేచాయి, మేము కొల్లూరు దగ్గర ఫ్లాటుకు వచ్చేశాం, ఇక్కడ ఎవరూ దగ్గి లోపలికి రారు. ఆ ఉపగ్రహం మాత్రం మాటా పలుకూ లేకుండా ఇంకా తిరుగుతూనే ఉందట.

దుకాణం భాయ్ ఫోను బిగించి, "చెక్ చేస్కోండ్రి" అన్నాడు. బాపు నంబరుకు కొట్టి స్పీకరు పెట్టాను, అమ్మ ఎత్తింది. "హలో, ఎవరు, వినపడుతున్నదా?" అన్న కేకకు భాయ్ వెనక్కి తగ్గాడు, బజ్జీల బండి దగ్గరి జనం తిరిగి చూశారు.

"గింత గట్టిగ మాట్లాడ్తే స్పీకర్ మల్ల పోతది మేడమ్."

"పోనియ్యి భాయ్" అన్నాను. "మల్ల తెస్త."