సముద్రం లేని ఊరు

నేను చదివింది ఎనిమిదో తరగతి. లెక్కలు మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను. తడ ఊరికి ఉత్తరంగా సముద్రం ఒడ్డు మీదున్న ఒక హేచరీలో రొయ్యపిల్లలను లెక్కగట్టే పని నాది. ఇరవై రెండేళ్ళయింది. అమ్మకానికొచ్చే వయసులో రొయ్యపిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. లక్షల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. తొట్టిలో నీళ్ళు బాగా కలిపి, ఒక గిన్నెడు ముంచి, తెల్ల పళ్ళెంలో పోసి, అందులో ఎన్ని ఉన్నాయో చూసి, మిగతాది హెచ్చవేతతో తేలుస్తాం. లక్ష అంటే సరిగ్గా లక్ష కాదని ఇచ్చేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు. అందుకే కొంత మీద వేసి ఇస్తాం. ఎవరూ ఎవరినీ అబద్ధమాడావనరు.

ఇంత తెలిసినవాణ్ణి, బైబిల్లో ప్రకటన గ్రంథం దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంకెను కూడా అటూ ఇటూ కదలనివ్వలేదు.

మాది వేటకు పోయే ఇల్లు. గంగమ్మకు మొక్కి పడవ దించే ఇల్లు. ముప్పై దాటాక నేను నా భార్య తరఫువాళ్ళతో ప్రార్థన మందిరానికి పోవడం మొదలుపెట్టి అక్కడే ఉండిపోయాను. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన మా అన్న అప్పుడు తగువు పెట్టుకోలేదు. "అయితే ఆదివారం నువ్వు వేటకి రావన్నమాట" అన్నాడు, అంతే. లెక్కలు వచ్చినవాడినని మందిరంలో ఆ చివరి గ్రంథం చెప్పే పని నాకిచ్చారు. మృగాలు, ముద్రలు, రోజుల లెక్కలు. రాసింది రాసినట్టే జరుగుతుందని చెప్పేవాణ్ణి. ఏడు తలలంటే ఏడు తలలే.

మూడేళ్ళ కిందట అన్నకు కాలేయం చెడింది. నెల్లూరులో డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటి ముందు తాటాకు పందిరి కింద, సముద్రం కనపడేటట్టు నులకమంచం వేయించుకున్నాడు. నేను రోజూ సాయంత్రం నాలుగింటికి పని దిగి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి.

"నీ పుస్తకంలో ఏదన్నా చదవరా. పొద్దు పోవడం లేదు" అన్నాడు ఒకరోజు.

నాకు బాగా వచ్చిన గ్రంథమే తీశాను. సముద్రంలోంచి పైకి వచ్చే మృగం సంగతి చదివాను. ఏడు తలలు, పది కొమ్ములు.

"నలభై ఏళ్ళు ఆ నీళ్ళ మీదే ఉండాను. నాకు కనపడలేదే" అన్నాడు.

"ఇంకా రాలేదు అన్నా. వస్తుంది."

"ఏడు తలలకి పది కొమ్ములు ఎట్లా పంచినారు?"

అది నేను ముందే ఆలోచించి, కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకున్న విషయం. మూడు తలలకు రెండేసి, నాలుగు తలలకు ఒక్కోటి అని చెప్పాను.

"ఒంటికొమ్ము తలలు ఊరుకుంటాయా? మన పడవలో వాటాలు అట్లా వేస్తే గొంతు పట్టుకుంటారు" అని నవ్వాడు. నవ్వితే పొట్ట నొప్పి. పట్టుకుని మరీ నవ్వాడు. నేను నవ్వలేదు. దేవుని మాటతో ఎగతాళా అనుకున్నాను.

మరునాడు పరలోకం నుంచి దిగివచ్చే పట్టణం దగ్గరికి వచ్చాం. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ సమానం. నేను దాన్ని ఎప్పుడో కిలోమీటర్లలోకి మార్చి ఉన్నాను. మన ఊళ్ళో ఒక మూల పెడితే రెండో మూల హిమాలయాలు దాటి పడుతుందని చెప్పాను. గుమ్మాలు ముత్యాలవి, ప్రాకారం నూట నలభై నాలుగు మూరలు అన్నాను.

"ఎవరి మూర?"

"మూరంటే మూరే అన్నా. అడుగున్నర."

అన్న చెయ్యి చాచి, పందిరి గుంజకు తగిలించిన తాడు తీసుకున్నాడు. చివర రాయి కట్టి, బారకొక ముడి వేసిన తాడు అది. దాన్ని నీళ్ళలోకి వదిలి లోతు చూస్తారు. బారంటే రెండు చేతులూ చాపినంత.

"ఇది నా బార. దీంతో నాకు తెలుస్తాది లోతు. నీకిస్తే నువ్వు వేరే లోతు చెప్తావు" అన్నాడు.

నేను పేజీ తిప్పాను. అన్న తాడు ఒళ్ళో పెట్టుకుని, గొంతు మార్చి అడిగాడు.

"ఒరే, ఒకటి చెప్పు. నేను పోయినాక నువ్వు ఆ ఊరికి పోతావు. నేను యాడికో పోతాను. ఇంకంతేనా? నేనూ నీ దేవుణ్ణి నమ్ముకుంటే ఇద్దరం ఆడ ఒకచోటే ఉంటామా?"

ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే నేను ప్రార్థన చేశాను.

"ఉంటాం అన్నా."

"అయితే సరే. సముద్రం ఎంత దూరం ఆ ఊరికి?"

ఆ పూటకు ఆ ప్రశ్నను నవ్వి దాటేసి ఉండవచ్చు. తెలియదని చెప్పి ఉండవచ్చు. నేను వేలు పెట్టి మరీ చూపించాను, అన్నకు చదువు రాదని తెలిసీ.

"సముద్రం ఉండదు. ఇక లేదని రాసి ఉంది."

"లేదంటే? పోటు తగ్గి వెనక్కి పోయుంటాదా?"

"అసలే ఉండదు."

"పోనీ ఏరు?"

"నది ఉంది."

"ఏం పడతాయి అందులో?"

"చేపల సంగతి రాయలేదు అన్నా."

అన్న అలల వైపు చూశాడు. "గుమ్మాలు ముత్యాలతో చేసినారంటివే. సముద్రం లేకుండా ముత్యం యాణ్ణించి వచ్చిందిరా?"

అక్కడైనా ఆగి ఉండాల్సింది. "రాసింది నేను మార్చలేను అన్నా" అన్నాను.

"నువ్వు పోరా అబ్బయ్యా. నేను రాలేను. నాకు ఆడ తోచదు."

కోపంగా అనలేదు. వేటకి రాలేనని ఎవరికో కబురు చెప్పినట్టు అన్నాడు. ఆ తరువాత పదకొండు రోజులు బతికాడు. నేను రోజూ పోయాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పుస్తకం తీస్తే, "వద్దులే, కూర్చో" అనేవాడు.

అన్నను మా కులం పద్ధతిలో సాగనంపారు. పూజలు ఉంటాయని నేను దూరంగా నిలబడ్డాను. ఆ దూరం తరువాత ఒకరోజు కొలిచాను. అరవై నాలుగు అడుగులు.

ఐదు నెలలకు మందిరంలో మళ్ళీ ఆ అధ్యాయమే వచ్చింది. సముద్రం ఉండదని చదువుతుంటే, వెనక చాప మీద కూర్చునే ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకోవడం కనపడింది. ఆమె భర్త ఒక తుఫానులో పడవతో సహా పోయాడు. శవం కూడా ఒడ్డుకు రాలేదు. అందరూ వెళ్ళాక ఆమెను ఆపి, బాధ కలిగించానా అని అడిగాను.

"బాధెందుకయ్యా? ఆ మాట కోసమే గదా నేను వచ్చేది. మధ్యలో నీళ్ళుండవు. ఆయన నడిచొచ్చేస్తాడు."

"సముద్రం లేకపోతే మనవాళ్ళు ఎట్లా బతుకుతారమ్మా?" అన్నాను. అన్న ప్రశ్న నా నోటి నుంచి వచ్చింది.

ఆమె నన్ను చంటిపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "దేవుడు చూపించిన కలలో కూడా చేపలు అమ్ముకుంటామా అయ్యా? దూరాలు ఉండవని ఆ మాట."

ఇంటికొచ్చి ఆ గ్రంథం మొదటి పేజీ తీశాను. ఆ దర్శనం చూసినవాడు ఒక ద్వీపంలో ఉన్నాడు. తనవాళ్ళకు దూరమై, చుట్టూ నీళ్ళతో. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పులికాట్ సరస్సు దీవుల్లోవాళ్ళు, గాలి ఎక్కువై పడవ తిరగని రోజున ఇవతలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడటం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అట్లాంటి మనిషికి దేవుడు మంచి రోజులను ఎట్లా చూపిస్తాడు? నీ వాళ్ళకూ నీకూ మధ్య ఈ సముద్రం ఉండదనే కదా.

అన్న అడిగింది కూడా అదే. ఇద్దరం ఒకచోట ఉంటామా అని. దానికి పుస్తకంలో ఉన్న జవాబు ఆ ఒక్క వాక్యమే. నేను దాన్నే చూపించి అన్నను ఆ గుమ్మంలోంచి బయటికి పంపాను.

మరునాడు పోయి వదినకు అంతా చెప్పాను. ఆమె ఎండుచేపలు తిరగేస్తూ వింది.

"ఇది ఆయనకి చెప్పాల్సింది అబ్బయ్యా" అంది.

"అప్పుడు నాకు తెలియదు వదినా."

"ఆయన ఆ రాత్రి నాతో అన్నాడు. వాడి ఊరు పెద్దదేనంట, మనకి మాత్రం చోటు లేదంట అని."

నేను లేచేటప్పుడు పందిరి గుంజ మీది తాడు తీసి నా చేతిలో పెట్టింది. ఇంట్లో వేటకు పోయేవాళ్ళు ఎవరూ లేరు, ఉంచుకో అంది.

ఇంటి దగ్గర టేపు పెట్టి కొలిచాను. పద్నాలుగు ముళ్ళు. ఏ రెండు ముళ్ళ మధ్య దూరం కూడా ఇంకోదానితో సరిపోలేదు. కొన్నిచోట్ల నాలుగంగుళాల దాకా తేడా ఉంది. ఆ తాడుతో అన్న ముప్పై ఏళ్ళు లోతు చూసి వల వేశాడు. కొలతలు రాద్దామని తీసిన కాగితం మళ్ళీ మడిచి పెట్టేశాను.

తరువాత ఒక ముడి ఎడమచేత పట్టుకుని, రెండు చేతులూ చాపి చూశాను. రెండో ముడి నా వేళ్ళకు అందలేదు.