అద్దం పెద్దమ్మ గోరు

గాజును స్టీలు పీచుతో తోమేవాళ్ళన్నా, పని మధ్యలో ఫోను చూసుకునేవాళ్ళన్నా మా పెద్దమ్మకు ఒళ్ళు మంట. నేను రెండూ చేశాను కాబట్టి ఎన్ని తిట్లు తిన్నానో నాకే తెలుసు. ఆమె మా అమ్మకు సొంత అక్క. అయినా పనిలో దిగిందంటే చుట్టరికం చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచిపెట్టేది.

నాలుగంతస్తుల అద్దె ఫ్లాట్ల బిల్డింగు అది. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోగా వంటగదిని కొత్తదానిలా చేసిపెట్టడం మా ఇద్దరి పని. గోడలు, అలమరలు, సింకు నావి. స్టవ్వు మాత్రం ఆమెది. దాని మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. మహా అయితే చివర్లో పొడిగుడ్డ నా చేతికిచ్చి మెరుగు పెట్టమనేది.

అవి మంట లేని స్టవ్వులు. పైన నల్లటి గాజు పలక, కింద కరెంటు తీగల చుట్టలు. ఆన్ చేస్తే గాజు కింద ఎర్రటి వలయం కనపడుతుంది. ఆపగానే ఎరుపు పోతుంది గానీ వేడి పోదు. ముట్టుకోవద్దని చెప్పడానికి మూలన చిన్న ఎర్రదీపం ఒకటి వెలుగుతూ ఉంటుంది. మామూలు పొయ్యి అయితే నిప్పు కనపడుతుంది, జాగ్రత్తపడతాం. ఇది చల్లగా, నల్లగా, ఏమీ ఎరగనట్టు పడుంటుంది. మొదటిరోజే దాన్ని చూస్తే నాకు భయం వేసింది. "ఆ భయం పోగొట్టుకోకు, అదే నీ జీతం," అంది పెద్దమ్మ.

ఆమెకైనా పుట్టుకతో వచ్చిన విద్య కాదది. అంతకుముందు పదకొండేళ్ళు హోటల్లో అంట్లు తోమింది. ఆ చేత్తోనే మొదటిరోజు కొత్త గాజును స్టీలు పీచు, తోముడు పొడి వేసి శక్తి కొద్దీ రుద్దింది. ఆరాక చూస్తే గాజంతా బూడిద పూసినట్టయింది. మేనేజరు అందరి ముందూ "నీకు అంట్లే గతి" అన్నాడట. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. స్టవ్వులు బాగుచేసే మెకానిక్ వెంటపడి, అతను విసుక్కున్నా వదలకుండా అంతా నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆమె తుడిచిన గాజులో మొహం చూసుకుని జుట్టు సరిచేసుకోవచ్చు. అప్పటినుంచి బిల్డింగంతా ఆమెను అద్దం పెద్దమ్మ అనేది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దదైన వాచ్‌మన్ భార్య కూడా!

పని మొదలుపెట్టేముందు ఎర్రదీపం ఆరేదాకా స్టూలు మీద కూర్చునేది. "ఆత్రగాడికి బుద్ధి మట్టు" అని నాకు వినపడేలా అనేది. తర్వాత వంటసోడా చల్లి, తడిగుడ్డ కప్పి, పావుగంట నాననిచ్చేది. మాడు ఊడకపోతే పిడి ఉన్న బ్లేడు తీసి, దాన్ని గాజు మీద దాదాపు పడుకోబెట్టి గీరేది. బ్లేడు నిలబడితే గాజు మీద గీత పడుతుంది. అన్నీ చల్లారాకే చెయ్యాలి, పంచదార పాకం ఒక్కటే వేడి మీద తియ్యాలి. పాకం గాజు మీద చల్లారి బిగుసుకుంటే, ఊడేటప్పుడు గాజు పెచ్చును కూడా లాక్కుపోతుంది.

అన్నిటికన్నా చివరిది గోరు పరీక్ష. ఎడమ అరచెయ్యి గాజు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, కుడి చూపుడువేలి గోరుతో పలకంతా ఇటునుంచి అటు దువ్వేది. "ఉత్త గీతైతే గోరు జారిపోద్దే. పగులైతే ఆగుద్ది. కంటికి కనపడని పగుల్ని గోరే పట్టుకోవాలి," అనేది. పగిలిన గాజు మీద పాలు పొంగితే ఆ తడి కరెంటు దాకా పోతుంది. బరువైన గిన్నె పెడితే ఏదో ఒకరోజు గాజు విచ్చుకుంటుంది. అలా గాజు విచ్చుకున్న ఒక ఇంటావిడ చేతులు తాను చూశానని మెకానిక్ చెప్పాడట. ఆ చేతులు ఎలా ఉన్నాయో మాత్రం పెద్దమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

గోరు ఎక్కడా ఆగకపోతే స్టవ్వు పక్కన పచ్చ కాగితం అంటించేది. సూపర్‌వైజరు వచ్చి టార్చి లైటు ఏటవాలుగా కొట్టి, మెరుపు చూసి, కాగితం చూసి వెళ్ళిపోయేవాడు. ఆ టార్చి సారుకు మెరిస్తే చాలు. పగులు సంగతి పెద్దమ్మ గోరుకే వదిలేశాడు.

అలాంటి గోరు మొద్దుబారిందని నాకు వానాకాలంలో తెలిసింది. పాకం మరక వేడి మీద గీరుతూ ఆమె ఎడమచెయ్యి పక్క వలయం మీద పెట్టింది. అదీ వేడిగానే ఉంది. నేను అరిచి లాగేదాకా చెయ్యి తియ్యలేదు. చిటికెనవేలి పక్కన చర్మం తెల్లగా ఉబ్బింది.

"డాక్టరుకి చూపించా. రెండు చేతుల్లోనూ నరాలు చచ్చుబడ్డాయంట," అంది, ఎవరి గురించో చెప్పినట్టు. "ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు. ఈ పని పోతే మళ్ళీ అంట్లేనే నాకు."

ఒట్టు వేశాను. అంత పెద్ద మనిషి నా చెయ్యి పట్టుకుని అడిగితే ఎలా కాదంటాను?

ఆ తర్వాత రెండు నెలలకు రెండో అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీ అయింది. వెళ్ళినవాళ్ళు కుడివైపు పెద్ద వలయం మీద పాకం పొంగించి, అలాగే వదిలేసి పోయారు. పెద్దమ్మ మళ్ళీ స్టవ్వు వేసి, మరకను మెత్తబరిచి, గంటసేపు కూర్చుని తీసింది. చల్లారాక గోరుతో దువ్వి "ఏం లేదు" అని పొడిగుడ్డ నాకిచ్చింది. మెరుగు పెడుతుంటే వలయం అంచున వెంట్రుక లాంటిది కనపడింది. తుడిచాను, పోలేదు. ఇంకోసారి తుడిచినా పోలేదు.

"పెద్దమ్మా, ఇక్కడేదో గీతలా ఉంది."

"నా గోరుకి తగల్లేదుగా. నీ కళ్ళకేం తెలుసే?" అంది. గొంతులో కోపం లేదు, బెదురు ఉంది.

నేను నా గోరు పెట్టి చూసి ఉండాల్సింది. అరక్షణం పని. పెట్టలేదు. ఆమె దువ్విన చోట మళ్ళీ నేను దువ్వడమంటే, నీ చెయ్యి చచ్చిపోయిందని మొహం మీద చెప్పడమే. పెద్దవాళ్ళను అలా అవమానించకూడదని మాకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. తల వంచుకుని మెరుగు పెట్టాను. ఆమె పచ్చ కాగితం అంటించింది. టార్చి సారు భేష్ అన్నాడు. పైన పటారం, లోన లొటారం!

వారానికి ఒక దర్జీ ఆవిడ అందులో దిగింది. భర్త లేడు, ఐదేళ్ళ కూతురు ఉంది. హాల్లో కుట్టు మిషను పెట్టుకుంది. నేను మెట్లు తుడుస్తూ ఆ గుమ్మం దగ్గర కావాలని ఆలస్యం చేసేదాన్ని. మిషను చప్పుడు వినపడితే ప్రాణం కుదుటపడేది. ఆగితే వంటింట్లోకి వెళ్ళిందేమోనని తుడిచిన మెట్టే మళ్ళీ తుడిచేదాన్ని. తిండి సయించలేదు. సారుకే లేని బెంగ నాకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు గంటసేపు కూడా నిలిచేది కాదు.

పదో రోజు ఉండబట్టలేక సింకు చూస్తానన్న వంకతో లోపలికి వెళ్ళాను. స్టవ్వు చల్లగా ఉంది. కుడి వలయం అంచున గోరు పెట్టి లాగాను. ఆగింది. ఇంకో బెత్తెడు ముందుకు జరిగి పెట్టాను. అక్కడా ఆగింది. పాకం మరక ఉన్న చోటు నుంచి పగులు పాకుతూ పోతోంది.

"ఈ పెద్ద వలయం వాడకండి," అన్నాను దర్జీ ఆవిడతో. "మేం పూసిన క్రీము ఇంకా సరిగ్గా ఆరలేదు."

"భలేదానివే, రోజూ పాపకి నీళ్ళు కాచేది దాని మీదేగా!" అని ఆవిడ నవ్వింది. "పెద్ద గిన్నె వేరేదాని మీద పట్టదు."

నిజం చెప్పకుండానే బయటికొచ్చాను. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. సాయంత్రం తిన్నగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళి చెప్పేశాను. "రేపు నేనొచ్చి చూస్తా. నేను చూసేదాకా సారు దగ్గర నోరెత్తకు," అంది. అప్పటికీ తన గోరు మీదే ఆమెకు నమ్మకం.

పొద్దున్నే వెళ్ళాం. పెద్దమ్మ పలకరింపులు కూడా లేకుండా వంటింట్లోకి నడిచింది. నా ధ్యాసంతా పగుల్లోంచి కరెంటు ఎక్కడ పాకుతుందోనన్న దాని మీదే ఉంది. పరుగున పోయి గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ ఆపేశాను. బుద్ధిమంతురాలి పని చేశాననుకున్నాను.

"అయ్యో, ఫ్యానాగిపోయిందే?" అంటూ దర్జీ ఆవిడ స్నానాల గది నుంచి బయటికొచ్చింది. "ఇప్పుడేగా నీళ్ళు దించి పాపకి పోశాను."

ఒక్క క్షణం ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఎక్కాక వంటింటి వైపు పరుగెత్తాను. కరెంటు ఆపితే ఎర్రదీపం కూడా ఆరిపోతుంది.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఎడమ అరచెయ్యి కుడి వలయం మీద ఆనించి, గోరును నెమ్మదిగా లాగుతోంది. ఆ గోరు పగులు మీదుగా ఎక్కడా ఆగకుండా సాగిపోవడం నా కళ్ళారా చూశాను. ఆమె మొహం తేలికపడింది.

"నున్నగా ఉందే," అంది. "చూశావా, ఏం లేదు. అనవసరంగా నా గుండె—"

తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడిన పాప ముక్కు మూసుకుంది. "అమ్మమ్మా, ఏంటా వాసన?"

చెయ్యి గుంజి కుళాయి కింద పెట్టాను. ఏడుస్తున్నది నేనే. పెద్దమ్మ తన అరచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "నొప్పి లేదే," అంది. "ఒక్క పిసరు కూడా లేదు. భయమేస్తోందే నాకు."

దర్జీ ఆవిడ ఏం జరిగిందో అర్థంకాక మా ఇద్దరి వంకా చూస్తోంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ముందు కూతుర్ని దగ్గరికి లాక్కుంది, ఆ తర్వాత నా వంక చూసింది. ఆ చూపు నాకు దక్కాల్సిందే. పెద్దమ్మ మంచి చేత్తో ఫోను తీసి తనే టార్చి సారుకు చేసింది. "రెండో అంతస్తు స్టవ్వు పగిలింది సార్, మార్చాలి. పాస్ చేసింది నేనే," అని పెట్టేసింది.

"ఆస్పత్రికి పోదాం పద," అన్నాను.

ఆమె కదల్లేదు. "నా చేతులు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయనుకుంటున్నావే?"

"వానాకాలం నుంచి."

"నీకు తెలిసింది వానాకాలంలో. నాకు రెండేళ్ళ నుంచి తెలుసు." "రెండేళ్ళుగా ఎన్నిటికి పచ్చ కాగితం అంటించానో లెక్కే లేదు."

పై అంతస్తులో ఎవరో బరువైన గిన్నె పెట్టిన చప్పుడైంది. వంటల వేళ.

తడిగుడ్డ చుట్టిన చేత్తోనే ఆమె ముందు నడిచింది. పక్క తలుపు కొట్టి, స్టవ్వు ఆపించి, చల్లారేదాకా ఆగి, నన్ను గోరు పెట్టమంది. అక్కడ ఏం లేదు. రెండో ఇంట్లో, మూడో ఇంట్లో కూడా ఏం లేదు. ఊపిరి పీల్చుకోబోయాను. నాలుగో ఇంటావిడ గరిటె పట్టుకునే తలుపు తీసింది. "త్వరగా కానియ్యండమ్మా, కూర సగంలో ఉంది," అని స్టవ్వు ఆపింది. ఇరవై నిమిషాలు ఆగాం. ఎర్రదీపం ఆరాక కళ్ళు మూసుకుని గోరు లాగాను. మధ్యలో ఆగింది.

కళ్ళు తెరవాలనిపించలేదు. నా వెనకే పెద్దమ్మ నిలబడి ఉంది.

"ఏంటే ఆగావు? ఉందా?"

లేదని చెప్తే ఆమె నమ్మేది.

"ఉంది పెద్దమ్మా," అన్నాను.