అనంతమ్మ, ఆరు గంటల బస్సు

సంఘం ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన రోజు అనంతమ్మ చెప్పులు విప్పి లోపలికి పోయింది. ఆ తర్వాత రోజూ విప్పుతూనే ఉంది. పుష్యమాసంలో ఏసీ గదిలో, షాబాదు బండల మీద వట్టి కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చోవడం ఎట్లా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుసు. మిషన్ దగ్గర దుమ్ము ఉండకూడదని హైదరాబాదు ఇంజనీరు చెప్పి వెళ్ళాడు. సెక్రటరీ విరూపాక్ష ఆ దుమ్మును మైల కింద లెక్క కట్టాడు. చెప్పులు బయట, మిషన్ నుదుట కుంకుమ, శుక్రవారం కొబ్బరికాయ. కొబ్బరినీళ్ళు మాత్రం మిషన్ మీద చల్లలేదు. ఆ ఒక్కటీ అనంతమ్మ అడ్డం నిలబడి ఆపింది.

అనంతమ్మది రాయికోడ్. మెట్టింది ఝరాసంగం. జహీరాబాద్ బజారులో మిఠాయి దుకాణం మీది అంతస్తులో టైపు నేర్చుకుని, హయ్యర్ పాసై, డెబ్బయి అయిదులో చెరుకు రైతుల సంఘంలో టైపిస్టుగా చేరింది. భర్త మాణిక్ అల్లం, ఆలుగడ్డ పండించేవాడు. చెరుకు వేయలేదు. వేస్తే చెరుకు నరికే పర్మిట్ కోసం పెళ్ళాం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుందని నవ్వేవాడు. పొద్దున బస్సులో వచ్చేది, సాయంత్రం ఆరు గంటల బస్సులో పోయేది. ఆరు దాటితే ఝరాసంగానికి బస్సు లేదు.

ఈ కథలో ఆమెకు కావలసింది ఆ బస్సు ఒక్కటే. అంతకంటే గొప్ప ఆశయం కోసం వెతికేవాళ్ళు ఇంకో మనిషి జీవితం చదువుకోవచ్చు.

బస్సు తప్పితే జహీరాబాద్‌లోనే ఉన్న ఆడబిడ్డ పార్వతమ్మ ఇంట్లో పడుకోవాలి. పార్వతమ్మ చెడ్డ మనిషి కాదు. నోరు ఊరుకోదు, అంతే.

"వచ్చినవా తల్లీ? ఇయ్యాల గూడ ఇడ్వలేదా నీ మిషన్ మొగుడు?" అనేది తలుపు తీస్తూనే. "రొట్టె సల్లారింది. నీ కోసం మల్ల పొయ్యి ముట్టియ్య, ముందే చెప్తున్న."

"సల్లారిందే తింట వదినె. ఏసీల కూసుండి కూసుండి నేనే సల్లారిన."

సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో గానుగ నడిచే కాలంలో ఏ ఊరి రైతు ఏ రోజు చెరుకు నరకాలో సంఘం పర్మిట్ ఇవ్వాలి. పర్మిట్ లేకుండా నరికితే బండి మీదే గడ ఎండి తూకం పడిపోతుంది. కాబట్టి పర్మిట్ చేతికి వచ్చేదాకా రైతు ఆఫీసు ముందు నుంచి కదలడు. ఫ్యాక్టరీ నుంచి అయిదింటికి సరేనని ఫోను వస్తుంది, అప్పుడు విరూపాక్ష సంతకాలు పెడతాడు. టైపు మిషన్ కాలంలో అనంతమ్మ అయిదింటికల్లా పర్మిట్లు కొట్టి పక్కన పెట్టేది. పని జల్దీ కావాలని ఎనభై ఏడులో కంప్యూటరు తెచ్చారు. అప్పటి నుంచి లేటు కావడం మొదలైంది.

లేటు మిషన్‌ది కాదు, గోడ మీది బోర్డుది. ఇంజనీరు పోతూ పోతూ ఏ ఊరికి ఏమేం టైపు చేయాలో ఒక అట్టమీద రాసిపెట్టాడు. ఊళ్ళో రైతుల పేర్లను వరుసలో పెట్టమనే లైను ఒకటి, అచ్చు వేయమనేది ఒకటి, పాతది చెరిపేయమనేది ఒకటి. అన్నీ బారెడు లైన్లే. విరూపాక్ష ఆ అట్టకు ఫ్రేము కట్టించి, పసుపు బొట్టు పెట్టి, కంప్యూటరు వెనక గోడకు తగిలించాడు.

"ఇది మంత్రం లెక్క అనంతమ్మా. ఒక్క అక్షరం ఇటు అటు కావద్దు. సగం సగం కొట్టుడు, యాదికి కొట్టుడు అసలే వద్దు. చూసుకుంట కొట్టాలె."

న్యాల్‌కల్‌కు ఆ మూడు లైన్లు. రాయికోడ్‌కు మళ్ళీ అవే మూడు, ఊరి పేరు మాత్రం వేరు. ఝరాసంగానికి మళ్ళీ అవే. పరగణా మొత్తం అట్లానే. ఒక్క చుక్క తప్పు పడితే మిషన్ "తప్పు కమాండు" అని ఇంగ్లీషులో కసిరి ఊరుకుంటుంది. ఎక్కడ తప్పో చెప్పదు. మొత్తం లైను మళ్ళీ మొదటి నుంచి. శ్రమే దైవం అన్న మాట మొదట ఎవరు అన్నారో గానీ, ఆ పెద్దమనిషి ఒకే లైనును పొద్దంతా టైపు చేసి ఉండడు.

బయట రైతులు కిటికీ దగ్గరికి వచ్చేవారు. న్యాల్‌కల్ సిద్దప్ప అయితే ఏకంగా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాడు.

"అక్కా, మిషన్ రాకముందు అయిదింటికే ఇస్తుంటిరి. ఇప్పుడు దీపాలు పెట్టినంక ఇస్తున్నరు. మిషన్ ఉరుకుతదంటిరి గదా?"

"ఉరుకుతది సిద్దప్పా. నేనే దానెన్క నడ్సుకుంట పోతున్న."

"మరి దాన్నే జర ఆగమను, నువ్వు ఎక్కుతవ్" అని రైతులందరినీ నవ్వించేవాడు. అనంతమ్మకు నవ్వు వచ్చేది కాదు. కిటికీ అవతల, రోడ్డు మీద ఆరు గంటల బస్సు హారను వినిపించేది.

రెండో సీజనులో ప్రింటరు రిబ్బను చిక్కుకుంటే హైదరాబాదు నుంచి జగన్‌మోహన్ అనే మెకానిక్ వచ్చాడు. నోట్లో పాన్, చేతిలో స్క్రూడ్రైవరు. చెప్పులతోనే లోపలికి వచ్చాడు. విరూపాక్ష నోరు తెరిచేలోగా ప్రింటరు మూత తెరిచాడు. పని చేసుకుంటూ అనంతమ్మ వైపు చూశాడు.

"మేడం, ఏం చేస్తున్నరు?"

"కనిపిస్తలేదా? టైపు."

"ఇప్పుడే గదా అదే లైను కొట్టిన్రు. మల్ల మొత్తం ఎందుకు? ఎఫ్ త్రీ కొట్టున్రి."

కీబోర్డు ఎడమ పక్కన రెండు వరుసల్లో ఎఫ్ అక్షరంతో కీలు ఉంటాయి. వాటి మీద ఇన్నాళ్ళూ దుమ్ము దులపడమే తప్ప వేలు పెట్టింది లేదు. అనంతమ్మ నొక్కింది. ఇంతకుముందు కొట్టిన లైను కొట్టినట్టే, చుక్కతో సహా, తెర మీద తిరిగి వచ్చి కూర్చుంది.

"ఎఫ్ వన్ అయితే ఒక్కొక్క అక్షరం వస్తది. ఊరి పేరు దాక ఎఫ్ వన్, పేరు మార్సున్రి, మిగిలిందానికి ఎఫ్ త్రీ. ఊర్లన్నిటికి నాలుగక్షరాల పేర్లు పెట్టుకోన్రి, సమానంగ కూసుంటయ్."

ఇటువంటి చోట మనిషికి సంతోషం కలగాలని పెద్దలు రాస్తారు. అనంతమ్మకు ఒళ్ళు మండింది. తప్పిన బస్సులన్నీ, చల్లారిన రొట్టెలన్నీ ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి.

"ఇది నాకెందుకు చెప్పలే ఎవ్వరు?"

"పుస్తకంల ఉంది గదా మేడం. మిషన్‌తోని ఇస్తరు."

పుస్తకం! అది విరూపాక్ష బీరువాలో పట్టుగుడ్డలో చుట్టి ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. దసరా ఆయుధపూజకు తీసి పసుపు పూసి, మళ్ళీ లోపల పెడతారు. ఖరీదైన వస్తువు, చేతులు పడితే మాసిపోతుందట.

జగన్‌మోహన్ మనసున్నవాడు. చాయ్ తాగుతూ ఇంకోటి చెప్పాడు. కాపీ కాన్ అని కొట్టి, ఒక పేరు పెట్టి, ఆ లైన్లన్నీ ఒక్కసారి రాసి, చివర ఎఫ్ సిక్స్ నొక్కితే మిషన్ వాటిని దాచుకుంటుంది. ఆ తర్వాత ఆ ఒక్క పేరు కొడితే చాలు, రాసినవన్నీ వరుసగా అదే చేసుకుపోతుంది. అనంతమ్మ 'పర్మిట్' అని పేరు పెట్టి పరగణా మొత్తం ఒక పూట కూర్చుని రాసింది. మర్నాడు ఆ ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కింది. ప్రింటరు గరగరమని ఊరు తర్వాత ఊరు కక్కుతూ పోయింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది.

అవతలి గదిలో విరూపాక్ష చెవులు నిక్కబొడుచుకున్నాడు. టైపు మిషన్ల కాలం మనిషి. టకటక వినిపిస్తే పని, వినిపించకపోతే సోకు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"ఏమైంది, టైపు సప్పుడు లేదు?"

"నడుస్తుంది సార్. అదే కొట్టుకుంటుంది."

"బోర్డు మీద చూసి కొట్టినవా?"

"ఒక్కసారి కొట్టిన. అది యాది పెట్టుకున్నది."

విరూపాక్ష కాసేపు బోర్డును, కాసేపు తెరను చూశాడు. కాగితాలు సరిగ్గానే వస్తున్నాయి. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే ఆయనకు బాధ.

"అంటే మూడింటికే ఖాళీ అయితవన్నట్టు."

"అయిత సార్."

"ఊకె కూసుంటే మంచిగుండదు అనంతమ్మా. జీతం తీసుకుంటున్నం. సంఘం సొమ్ము."

ఆ సాయంత్రం నుంచి సంఘం మహాసభ నివేదిక ఆమె బల్ల మీదికి వచ్చింది. అది కాగానే అధ్యక్షుడు సదాశివ పటేలు ఉపన్యాసం. అది కాగానే విరూపాక్ష మామగారి ఊరి జాతరకు కరపత్రం. రైతులు మాత్రం ఫోను రాగానే సంతకాల పర్మిట్లు పట్టుకుని అయిదున్నరకే బండ్లు కట్టుకునిపోయారు. సిద్దప్ప కిటికీ దగ్గర ఆగి, "అక్కా, నువ్వు రావా?" అని కూడా అడిగాడు. హారను మోగింది. అనంతమ్మ జాతర కరపత్రంలో కుస్తీపోటీల దగ్గర ఉంది.

"మిషన్ బాగైందన్నవ్ గదా?" అంది పార్వతమ్మ తలుపు తీసి.

"మిషన్ బాగైంది వదినె. మనుషులను బాగ జేసేటోడు దొరకలే."

మిగిల్చిన పూట మిగిల్చినవాళ్ళదే అనుకోవడం అనంతమ్మ చేసిన పొరపాటు. ఆఫీసులో మిగిలిన పూట మిఠాయి లాంటిది. ఎవరి కంట పడితే వాళ్ళది.

పది పన్నెండు రోజులకు ప్రింటరు మళ్ళీ మొరాయించింది. జగన్‌మోహన్ మళ్ళీ పాన్‌తో వచ్చాడు. అనంతమ్మ ఆయన కూర్చోకముందే అడిగింది.

"భయ్యా, జల్ది చేసుడు చెప్పినవ్. నిమ్మలంగ చేసుడు ఏమన్న ఉందా దీంట్ల?"

జగన్‌మోహన్‌కు పాన్ అడ్డం పడింది. "ఇన్నేండ్ల సంది తిరుగుతున్న, ఈ మాట ఎవ్వరు అడగలే మేడం. ఎందుకు?"

చెప్పింది. మూడింటికి అయిపోవడం, జాతర కరపత్రం, బస్సు, రొట్టె, అన్నీ. ఆయన స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు.

"ఉంది. పాజ్ అని రాయున్రి, ఊరికీ ఊరికీ నడ్మ. అక్కడ ఆగుతది. కీ కొట్టుమని అడుగుతది. మీరు కొట్టేదాక మెదలదు."

"ఎంతసేపైనా?"

"మీరు రిటైరయ్యేదాక."

ఆమె ఊరికీ ఊరికీ మధ్య పాజ్ పెట్టింది. ఇది మోసం కాదా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఫోను వచ్చేది అయిదింటికి, సంతకం పడేది అయిదింటికి. అంతకుముందు అచ్చయిన పర్మిట్ ఏ రైతుకూ పనికిరాదు. కాబట్టి ఇందులో నష్టపోయినది జాతర కుస్తీపోటీ ఒక్కటే.

మర్నాడు విరూపాక్ష చప్పుడు విని వచ్చాడు. ప్రింటరు ఒక ఊరు కొట్టి ఆగింది. తెర మీద 'సిద్ధంగా ఉంటే కీ నొక్కండి' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. అనంతమ్మ ఆ ఊరి కాగితాలు ఒక్కొక్కటే చూసి, అంచులు సరిచేసి, గుండుసూది గుచ్చి, అప్పుడు నొక్కింది. ఇంకో ఊరు మొదలైంది.

"అడుగుతుందా?" అన్నాడు విరూపాక్ష.

"అడుగుతది సార్. చెప్పందే చెయ్యది."

"గట్లుండాలె!" ఆయన ముఖం విప్పారింది. "మొన్న దాకా దాని ఇష్టమొచ్చినట్టు ఉరికింది. ఇప్పుడు మర్యాద నేర్సింది. నువ్వు కూడ దగ్గరుండి చూసుకుంటున్నవ్. ఇది పని అంటే."

ఫోను వచ్చే వేళకు ఆఖరి ఊరు అచ్చయింది. సంతకాలైపోయాయి. ఏసీ గది తాళం వేసి తనూ ఇంటికి పోవాలి కనుక విరూపాక్ష ఆ వేళప్పుడు కొత్త పని అప్పజెప్పలేదు. అనంతమ్మ గేటు దాటేసరికి బస్సు ఇంకా స్టాండులోనే ఉంది. కండక్టరు ఆమెను గుర్తుపట్టలేదు. కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా పక్కనున్న మనిషి తన భుజం మీద వాలి నిద్రపోతున్నా ఆమెకు కోపం రాలేదు.

ఇంటికి చేరేసరికి మాణిక్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని రొట్టె కొడుతున్నాడు. చప్పుడుకు తల తిప్పి, లేచి నిలబడ్డాడు. రెండు చేతులకూ పిండి.

"ఏమైంది? తీసేసిన్రా నౌకరీలకెళ్ళి?"

"తీసెయ్యలే."

"మరి పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. బస్సుకు వచ్చిన, అంతే."

మాణిక్ పెనం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "నాకొక్కనికే కలుపుకున్న" అన్నాడు నేరం చేసినవాడిలా.

"ఇంకింత కలుపు" అని అనంతమ్మ కాళ్ళు కడుక్కుని, పొయ్యి వేడికి పాదాలు చాపి కూర్చుంది.