మూడో చెట్టు దగ్గర ఆగిన ఇంజను

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక నవంబరు మొదటి వారంలో, నన్ను బెజవాడ వర్క్‌షాపు నుంచి నూజివీడు బ్రాంచికి ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా వేశారు. హోదాలో మేనేజరు కింద, మెకానిక్కుల పైన. బండిని ఎవరు విప్పినా, బయటికి పంపే ముందు జాబ్ కార్డు మీద సంతకం సూపర్‌వైజర్‌దే. బండ్లలోకి కంప్యూటర్లు రాకముందు, కార్బురేటర్ల కాలంలో నేను చెవితోనే ఐడిల్ సరిచేసేవాణ్ణి. ఐడిల్ అంటే యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజను తిరిగే వేగం. ఆ పనిలో వచ్చిన పేరు నాకు కొంచెం తలకెక్కిందని ఒప్పుకోవాలి.

జనవరి నెలాఖరులో కోటేశ్వరమ్మగారు తన పాత పెట్రోలు వ్యాను తెచ్చారు. ఆవిడ, భర్త సాంబయ్య కలిసి జి. కొండూరు వైపు పన్నెండెకరాల మామిడి తోట కౌలుకు చేసేవారు. వ్యాను వెనక మందు డ్రమ్ము, స్ప్రేయరు ఉండేవి. సాంబయ్య ఒక్కో చెట్టుకీ మందు కొడుతుంటే ఆవిడ వ్యానును ఐడిల్‌లో నిలిపి, తర్వాత ముందుకు జరిపేవారు. మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆగిపోతోంది. ఆగితే వేడి మీద ఓ పట్టాన అందుకోదు.

"తేనెమంచు పురుగు పడిందండీ. ఈ వారంలో మందు పడకపోతే పూతంతా మాడిపోద్ది. మాకింకో పంట లేదండీ" అన్నారావిడ.

స్కానర్ తగిలించాను. ఇంజను కంప్యూటరులో ఏ లోపమూ నమోదు కాలేదు. ఐడిల్ మాత్రం బాగా తక్కువగా ఉంది. ఈ ఇంజన్లలో కాలు తీయగానే గాలి తలుపు మూసుకుంటుంది. ఇంజను తిరగడానికి కావలసిన కాస్త గాలి పక్కనున్న సన్నని దారిలో వెళుతుంది. ఆ దారిని ఎంత తెరవాలో ఒక చిన్న వాల్వు ద్వారా కంప్యూటరే చూసుకుంటుంది. తలుపు దగ్గర ఒక స్క్రూ ఉంటుంది. ముట్టుకోవద్దని ఫ్యాక్టరీలోనే దానిమీద పసుపు రంగు పూసి పంపుతారు. నేను ఆ రంగు పగలగొట్టి, తలుపు కాస్త తెరిచే ఉండేలా స్క్రూను అర చుట్టు తిప్పాను. రెండు నిమిషాల్లో ఇంజను మెత్తగా తిరిగింది. సంతకం చేశాను.

మర్నాడు వ్యాను మళ్లీ వచ్చింది. ఇంకో పావు చుట్టు తిప్పాను. మూడో రోజు ఆవిడ ఫోను చేశారు. "మీవల్ల కాదంటే చెప్పేయండి, ఇంకోళ్లకి చూపించుకుంటాం" అన్నారు. కేకలు వేసినా నాకు అంత గుచ్చుకునేది కాదు. బెజవాడ పంపిస్తే నాలుగు రోజులు పడుతుందన్నారు మేనేజరు. ఆ పూతకు నాలుగు రోజులు లేవు. ఇది తేల్చకుండా వదలకూడదనుకుని, స్కానర్, పనిముట్లు, క్లీనర్ డబ్బా సంచిలో వేసుకుని తోటకే బయల్దేరాను.

వ్యానులో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆకులన్నీ ఆ పురుగు వదిలే తేనెమంచు జిగురుతో మెరుస్తున్నాయి. మొదటి చెట్టు అయింది, రెండోదీ అయింది. మూడో చెట్టు దగ్గర రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలైంది. ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజను వేడెక్కి ఫ్యాను అందుకుంటోంది, ఆ బరువుకే ఇంజను చస్తోంది. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాకే ఐడిల్ ఖాయం చేయాలని మా సర్వీసు పుస్తకంలో ఉంది. నేను రెండు నిమిషాలకే సంతకం పెట్టాను.

ఈ వ్యానులో ఇంజను సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తి చూస్తే రెండో సగం దొరికింది. గాలి వడకట్టే ఫిల్టరు ఉండాల్సిన పెట్టె ఖాళీగా ఉంది. సాంబయ్య చెట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"పూతప్పుడు జిగురుకి బిగుసుకుపోద్దండీ. తీసేసి, పిందె పడ్డాక పెడతాం. షెడ్డుకొచ్చేప్పుడు మాత్రం పెట్టుకునే వస్తాం, మీరు కోప్పడతారని" అన్నారు కోటేశ్వరమ్మగారు.

కోపం రానే వచ్చింది. వెంటనే నేను పగలగొట్టిన పసుపు రంగూ గుర్తొచ్చింది.

గాలి తలుపు విప్పి క్లీనర్ కొట్టాను. నల్లటి మసి పోయింది కానీ, ఫిల్టరు లేక లోపలికి పోయి పక్కదారిలో గట్టిపడిన గోధుమరంగు జిగురు కదల్లేదు. ఆవిడ వేలితో ముట్టుకుని చూశారు. "ఇది తేనెమంచేనండీ. పెట్రోలుకి పోదు, వేడినీళ్లకి పోద్ది. మా చేతులు మేం అట్టాగే కడుక్కుంటాం" అన్నారు. నా సర్వీసులో ఏనాడూ ఆ భాగానికి నీళ్లు తగలనివ్వలేదు. తలుపు ఎంత తెరుచుకుందో కంప్యూటరుకు చెప్పే సెన్సారునీ, వాల్వునీ విడిగా తీసి పెట్టాను. మూడు రాళ్ల మీద కాచిన నీళ్లు పోశాక జిగురు కరిగి దారి తెరుచుకుంది. గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అన్నీ తిరిగి బిగించాం.

తర్వాత స్క్రూ సంగతి. పగిలిన పసుపు రంగు ముక్కలు ఒకదానికొకటి కలిసేదాకా ముప్పావు చుట్టు వెనక్కి తిప్పాను. అప్పుడుగానీ తలుపు మూసుకుందని సెన్సారు చెబుతున్నట్టు స్కానర్‌లో కనిపించలేదు. నేను తిప్పినప్పట్నుంచీ కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉందనుకుని కంప్యూటరు ఐడిల్ చూసుకోవడం మానేసింది. మొదట దారి మూసింది జిగురైతే, ఆ తర్వాత ఫ్యాను బరువు పడితే ఆదుకునే దిక్కు లేకుండా చేసింది నేనే.

ఫిల్టరు బిగించి స్టార్టు చేశాం. ఫ్యాను తిరిగింది. ఇంజను కాస్త తగ్గి, తేరుకుంది. రెండోసారీ తేరుకుంది. స్క్రూ తిప్పడం నా తప్పేనని ఆవిడకు చెప్పాను.

"అయితే మీరొకటి దాచారు, మేమొకటి దాచాం" అని, "డ్రమ్ము నింపు" అంటూ భర్తను కేకేశారు.

మూడు రోజుల్లో మందు కొట్టడం పూర్తయింది. పూత నిలిచింది.

జాబ్ కార్డులో లోపానికి కారణం రాసే గడిలో రెండు వాక్యాలు రాశాను. ఫిల్టరు లేకుండా నడపడం ఒకటి. గత సర్వీసులో తప్పు సర్దుబాటు రెండోది, దాని పక్కన నా పేరు. రెండోది అవసరమా అని మేనేజరు అడిగారు. అది లేకపోతే తర్వాత విప్పేవాడు మళ్లీ స్క్రూ దగ్గరే మొదలుపెడతాడని చెప్పి, అలాగే ఉంచాను.

బండి షెడ్డుకు వచ్చినంత మాత్రాన దాని లోపం కూడా వెంట రాదని ఆ వారం నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగకుండా ఏ కార్డు మీదా సంతకం పెట్టలేదు.