గుండుతో వైకింగుల ఊరికి

పాస్‌పోర్టు ఫోటోలో నా జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంది. ఆ ఫోటోను నేనూ మా ఆయనా మళ్ళీ చూసింది, నేను తిరుమలలో గుండు చేయించుకుని చిత్తూరుకు తిరిగొచ్చిన సాయంత్రం. ప్రయాణానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. వెయ్యేళ్ళ కిందట ఓడలేసుకుని ఐరోపా తీరాలను కొల్లగొట్టిన వైకింగులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. పుస్తకంలో వాళ్ళ గురించి నాలుగు వాక్యాలుంటే నేను రెండు పీరియడ్లు లాగేదాన్ని. వాళ్ళు కొమ్ముల టోపీలు పెట్టుకోలేదనీ, తర్వాతి కాలంవాళ్ళే బొమ్మల్లో తగిలించారనీ చెబితే పిల్లలు నీరుగారిపోయేవాళ్ళు. మురికిమనుషులు కూడా కాదు, జింక కొమ్ముతో చేసిన దువ్వెనలు వాళ్ళ సమాధుల్లో దొరికాయి, శనివారానికి వాళ్ళ పేరే స్నానాల రోజు అని చెప్పేదాన్ని. మా ఇంట్లో కూడా శనివారమే మేడమ్ అని వెనక బెంచీ నవ్వేది.

డెన్మార్క్‌లో రోస్కిల్డే అనే ఊరుంది. శత్రువులు సముద్రం మీదుగా లోపలికి రాకుండా అక్కడి వైకింగులు తమ పాత ఓడలనే దారికి అడ్డంగా నీళ్ళలో ముంచేశారట. వెయ్యేళ్ళకు వాటిని బయటికి తీసి నిలబెట్టారు. వాటిని కళ్ళారా చూడాలి, అంతే నా కోరిక. పోయినేడాది వీసా ఇవ్వలేదు. ఈసారి ఇస్తే తలనీలాలు ఇస్తానని కొండ వైపు తిరిగి మొక్కుకున్నాను. వచ్చింది.

ఐరాల నుంచి మా అత్త ఫోన్ చేసి, మొక్కు తీర్చకుండా సముద్రం దాటొద్దంది. ఆడవాళ్ళకు మూడు కత్తెర్లు చాలు, కొసల్లో కాస్త కత్తిరిస్తారు అని కూడా ఆమే చెప్పింది. నేను వింటేగా. మొక్కేటప్పుడు మొత్తం అనుకుని, ఇచ్చేటప్పుడు దేవుడితో బేరమాడతానా అని ఆమె మీదే విసుక్కున్నాను. గుండు చేయించుకుని, చందనం పూసుకుని, దర్శనమయ్యాక బస్సులో కిందికి దిగాము. బస్సులో సగం గుండ్లే. మా వైపు ఆడమనిషి గుండుతో కనబడితే ఎవరూ రెండోసారి చూడరు. అందుకేనేమో నాకు గానీ, మా ఆయనకు గానీ ఫోటో సంగతే తట్టలేదు.

ఇంటికొచ్చి కాగితాలు సర్దుతూ ఆయన పాస్‌పోర్టు తెరిచాడు. ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మే, ఈ ఫోటోలో ఉండేది నువ్వేనని ఆడ ఎవురు నమ్ముతారు?"

ముక్కూ చెవులూ మారలేదు కదా అన్నాను గానీ, పాస్‌పోర్టు లాక్కుని నేనూ చూశాను. అన్నం సయించలేదు. మా ఆయన రావడం లేదు, నేను ఒక టూరు బృందంతో పోతున్నాను. చెన్నైలో ఆ బృందాన్ని పంపే ఏజెంటుకు ఫోన్ చేస్తే, మామూలుగా ఇబ్బంది ఉండదమ్మా అన్నాడు. ఆ 'మామూలుగా' అన్న మాట ఆరు రోజులూ నన్ను పీక్కుతింది. ఫోటోను చెంప పక్కన పెట్టుకుని అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో. కాలేజీలో ఒకామె సవరం పెట్టుకోమంది. దేనికి కట్టుకోను?

మా ఆయన బంధువు ఒక డాక్టరు ఉన్నాడు. అతని చేత మా ఆయన, తలలో పుండ్లు లేచి వైద్యం కోసం గొరిగించాము అని ఒక ఉత్తరం రాయించుకొచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"దేవుడికి ఇచ్చినానంటే వాళ్ళకేం తెలుస్తాది? రోగమంటే ఏ దేశంలో అయినా తెలుస్తాది," అన్నాడు.

అరిచాను. అరిచి, ఆ ఉత్తరాన్ని హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకున్నాను. వెంకన్నకు ఇచ్చినదాన్ని పుండ్ల లెక్కలో వేస్తున్నందుకు సిగ్గేసింది. వెనక్కి పంపేస్తారన్న భయం ఆ సిగ్గు కంటే పెద్దది.

చెన్నైలో ఆఫీసరు నా తల చూసి, తిరుపతియా అని తమిళంలో అడిగి ముద్ర వేశాడు. అక్కడితో మన రాజ్యం అయిపోయింది. విమానంలో పక్కనున్న తెల్లావిడ తన కిటికీ సీటు నాకిచ్చింది. అడక్కుండానే ఇంకో దుప్పటి వచ్చింది. వాళ్ళు నన్ను క్యాన్సరు మనిషి అనుకుంటున్నారని అర్థమై, చున్నీని చెవుల దాకా లాక్కున్నాను.

కోపెన్‌హాగన్‌లో దిగి వరుసలో నిలబడ్డాను. నా ముందు పదిమంది, తర్వాత ముగ్గురు, తర్వాత నేనే. అద్దం వెనక నెరిసిన గడ్డం ఆఫీసరు ఫోటో చూసి, చున్నీ తీయమని సైగ చేశాడు. తీశాను. వేళ్ళు గాజు మీద పెట్టమన్నాడు. చెమటకు యంత్రం వేలిముద్రలు పట్టలేదు. పైటకు తుడుచుకుందామని చూస్తే ఒంటిమీద చీర కూడా లేదు, చుడీదార్. చేతిలోని చున్నీ తోచనే లేదు. అతనే కాగితం రుమాలు ఇచ్చాడు. రెండోసారి పట్టింది. అయినా అతను తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకొచ్చారని అడిగితే ఓడలు చూడ్డానికన్నాను. అప్పుడు గొంతు తగ్గించి, వైద్యం జరుగుతోందా అని అడిగాడు.

నా చెయ్యి జిప్పు మీదే ఉంది. అవునంటే చాలు. అతని ముఖంలో అప్పటికే జాలి ఉంది.

"లేదు. జుట్టు మా దేవుడికిచ్చాను," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"దేనికోసం?"

"ఇక్కడికి రానిస్తే ఇస్తానన్నాను."

అతను మళ్ళీ ఫోటోలోని జడ చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. పాస్‌పోర్టు రెండు చేతులతో నాకిచ్చి, ఓడలు బావుంటాయి, గాలెక్కువ, తల కప్పుకోండి అన్నాడు. నేను పక్కకు పోయి ఒక స్తంభం చాటున ఏడ్చాను. తర్వాత ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తడబ్బాలో వేశాను.

మర్నాడు రోస్కిల్డేలో ఆ ఓడల్లో ఒకదాని ముందు నిలబడ్డాను. సగానికి సగం చెక్కలు లేవు. పోయిన చోట వట్టి ఇనుప కమ్మీలు ఓడ ఆకారంలో వంచి నిలబెట్టారు. బృందంలో ఎవరూ ఇది ఓడేనా అని అడగలేదు. నేను చున్నీ తీసి బ్యాగులో పెట్టుకుని, దాని చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణం చేశాను.