మొదటి పేజీలో పేర్లు

డిసెంబరు వస్తే రోజుకొక ప్రోగ్రామింగ్ పజిల్ ఇచ్చే వెబ్‌సైటు ఒకటుంది. అమెరికాలో అర్ధరాత్రి కాగానే కొత్త పజిల్ తెరుచుకుంటుంది. అంటే మన తిరుపతిలో పొద్దున పదిన్నర. ఆ వేళకు నేను ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పిల్లల హాజరు వేస్తూ ఉండేదాన్ని. ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం. పాఠాలు చెప్పేవాళ్లు ఎంత చదివారో నేనూ అంతే చదివాను, నా కుర్చీ మాత్రం ప్రింటరు పక్కన.

మొదటి ఏడాది ఆ పజిళ్లు చేసి ఫైళ్లన్నీ ఒకే చోట పారేశాను. వాటికి పెట్టిన పేర్లు: ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘అసలైనది’, ‘ఇదే అసలైనది’. వారం తిరిగేసరికి నేను రాసింది నాకే దొరకలేదు. మా అమ్మ కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా పోపుల డబ్బాలో ఆవాలు కావాలంటే ఆవాలే వస్తాయి. ఆ బుద్ధి నాకెందుకు రాలేదని ఒళ్లు మండింది.

మరుసటి ఏడు పట్టుబట్టి అన్నీ అమర్చాను. రోజుకొక ఫోల్డరు. అందులో పజిల్‌తో వచ్చే చిన్న ఉదాహరణ ఒక ఫైలు, అసలు లెక్క ఒక ఫైలు, నా ప్రోగ్రాం ఒక ఫైలు. ఉదాహరణకు సరైన జవాబు వస్తేగాని అసలు లెక్క జోలికి పోకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. పజిల్‌లో ఇచ్చే గళ్ల పటం చదవడం, అందులో దారి వెతకడం లాంటివి మాటిమాటికీ అవసరమవుతాయి కాబట్టి వాటిని విడిగా ఒక చోట ఉంచాను. ప్రతి మార్పుకూ పక్కన ఒక ముక్క రాసేదాన్ని: ‘ఇదీ తప్పే’, ‘మూల గడి మరిచాను’, ‘అమ్మయ్య’. ఆ మార్పుల చరిత్రంతా ఇంటర్నెట్టులో నా ఖాతాలో ప్రాజెక్టుతో పాటే ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏం చేశారో ఎవరైనా వెనక్కి తిప్పి చూడొచ్చు. చెన్నైలో ఒక కంపెనీ ఉద్యోగానికి, సొంతంగా చేసిన పని చూపించమన్నారు. నేను చూపిద్దామనుకున్నది దీన్నే. ఆ ల్యాబులోంచి బయటపడడానికి నాకు వేరే దారి లేదు. సొంత లాప్‌టాప్ కూడా లేదు, చేసిందంతా ల్యాబు కంప్యూటరులోనే.

అంతలో కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. గోడలకు సున్నం పడింది, పాడైన ఫ్యాన్లు తిరిగాయి. కమిటీకి చూపించడానికి మా హెచ్‌ఓడీ సారుకు ఒక ప్రాజెక్టు కావలసి వచ్చింది. ఆయన చిత్తూరు మనిషి, ఎవరినీ గట్టిగా కసరడు. నా తెర మీదికి వంగి చూశాడు.

“ఇది బాగుండాదే అమ్మా. కాలేజీ పేరుతో పెడదాం.”

“ఇది నేను సొంతంగా చేసుకునింది సార్. ఉద్యోగానికి సూపించాల.”

“నీది కాదని ఎవురన్నారు? మొదటి పేజీలో అందరి పేర్లూ ఎయ్యి.”

అందరూ అంటే చైర్మన్, డైరెక్టరు, ప్రిన్సిపాలు, ఆయన, ఆ కింద నేను. నా ముఖం చూసి నవ్వాడు. “పెండ్లి పత్రికలో ఎవురి పేర్లు ముందుంటాయమ్మా? పెండ్లి సేసుకునేది పిల్లోళ్లయినా పైన పెద్దోళ్లవే గదా. స్వామి బొమ్మ కూడా పెట్టు.” నా పేరు ముందు ‘సాంకేతిక సహాయం’ అని ఆయనే చేర్చాడు.

తర్వాత మార్పుల చరిత్ర ఆయన కంట పడింది. “ఇదేందమ్మా, ‘ఇదీ తప్పే’, ‘ఇదీ తప్పే’ అని రాసిపెట్టినావు? కమిటీ వోళ్లు సూస్తే మనకేమీ రాదనుకోరా? ఆ తప్పులన్నీ తీసేసి శుభ్రంగా పెట్టు.”

అది పోతే ఎవరు చేశారో తెలియదని చెప్పాను. పేర్లు రాశాం కదా అన్నాడు. ఒకే సరుకు రెండు చోట్ల ఉంటే కాపీ అంటారని నా దాన్ని తీసెయ్యమన్నాడు. ఏటా నా ఉద్యోగం పొడిగించే కాగితం మీద ఆయన సంతకం ఉండాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పాత చరిత్ర లేకుండా కాలేజీ ఖాతాలోకి అన్ని ఫైళ్లూ ఒకేసారి ఎక్కించి, నా ఖాతాలో ఉన్నదాన్ని తీసేశాను. తనిఖీ కోసమని ఆ వారంలోనే ల్యాబు కంప్యూటర్లన్నిటినీ తుడిచి కొత్తగా నింపారు. గోడలతో పాటు నాకూ సున్నం కొట్టారు.

చెన్నై ఇంటర్వ్యూలో కూర్చున్నది తెలుగాయనే. ప్రాజెక్టు తెరిచి పైనుంచి కిందికి చదివాడు.

“ఇందులో మీరేం చేశారు?”

“మొత్తం నేనే చేశానండీ.”

“మీ పేరు పక్కన సహాయం అని ఉంది. ఫైళ్లన్నీ ఒక్క రోజే పడ్డాయి, అదీ కాలేజీ ఖాతా నుంచి.”

జరిగింది చెప్పాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఏదైనా పజిల్ ఇవ్వండి, మీ ముందే చేస్తానన్నాను. సమయం అయిపోయిందన్నాడు. లేచేముందు మర్యాదగా ఒక మాట అన్నాడు: “అమరిక మాత్రం చాలా బాగుందండీ. మీ హెచ్‌ఓడీ గారితో ఒకసారి మాట్లాడాలి.”

మా అమ్మా నాయనా ఉండేది కూడా చిత్తూరులోనే, ఆ సాయంత్రం బస్సెక్కి అక్కడికి పోయాను. మా నాయన కోర్టు ముందర టైపు కొడతాడు. అంతా విని, “నేను కొట్టిన దావాలన్నీ వకీళ్ల పేరుతోనే పోయినాయి గదమ్మా. నేనేమన్నా సచ్చిపోయినానా?” అన్నాడు. ఓదార్చాననుకున్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అనడం తెలిసిన ఇంట్లోనే దానికి ఇంత అలవాటు పడ్డారేమిటని.

నాకు ఆ ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లకు హెచ్‌ఓడీ సారు గదిలోకి పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

“నువ్వు పోయొచ్చిన ఆ సెన్నై కంపెనీ వోళ్లు కొత్తగా సేరినోళ్లకు నన్ను వచ్చి మాట్లాడమన్నారమ్మా. ఈ ఫోల్డర్లు ఇట్లా ఎందుకు పెట్టినామో రవంత సెప్పు.”

చెప్పకూడదనే కూర్చున్నాను. పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఉదాహరణను ముందు ఎందుకు సరిచూడాలో, గళ్లు చదివే పనిని ఎందుకు విడదీశానో, ఒక్కొక్కటీ బొమ్మ గీసి మరీ చెప్పాను. అంత శ్రద్ధగా దాని గురించి నన్ను అడిగిన మనిషి అంతవరకూ ఒక్కరూ లేరు. చెబుతుంటే సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

ఆయన అన్నీ రాసుకుని, కాగితం మీద సంతకం చేసి నా వైపు జరిపాడు.

“బాగా సెప్తావమ్మా. నువ్వు కూడా సొంతంగా ఏదన్నా ఒకటి సెయ్యరాదా?”