పద్నాలుగు బోల్టుల బుచ్చిరాములు

బుచ్చిరాములుకు ఎక్కడ బోల్టు కనిపించినా లెక్కపెట్టకుండా ఉండలేని జబ్బు. తాను చనిపోయిన రోజు పొద్దున కూడా దవాఖాన మంచం మీద పడుకుని పైన తిరగని ఫ్యాను బోల్టులు లెక్కపెట్టాడు. "సిస్టరమ్మా, మూడే ఉన్నయి. నాలుగోది బిగియ్యిండ్రి. నేనెట్లనో పోతా గని, నా తర్వాత పండేటోని మీద పడ్తది."

"జర నోరు మూసుకొని పండరాదే మామా!" అని ఓంకార్ విసుక్కున్నాడు. అల్లుడు మామతో ఆడిన ఆఖరి మాట అదే.

మట్టెవాడలో పాత కార్ల సామాన్ల దుకాణం వాళ్లది. గుమ్మంలోనే గోనెసంచి మీద పాతకాలపు విదేశీ కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి ఉండేది. ఆరేళ్లుగా ఓంకార్ బొటనవేలు రోజూ దానికే తగిలేది. అది అమ్ముడుపోతే మేడారంలో దాని ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకున్నాడు.

బేరం రాక కాదు. హన్మకొండ నుంచి కిషన్ రావు మూడుసార్లు వచ్చాడు. ఆయన షెడ్డులో కవరు కప్పిన పాత కారు ఉంది.

"పైన పేరు జూసి కొనద్దు సారూ, అన్నిటి మీద ఒక్క పేరే ఉంటది. మీ బండి గేర్‌బాక్స్ అడుగు మూతకు బోల్టులెన్నో లెక్కబెట్టుకొని రాండ్రి" అన్నాడు బుచ్చిరాములు.

లెక్కపెట్టుకొచ్చాడు. "పద్నాలుగు."

"నోటిమాట నడ్వది. కాయితం మీద అచ్చు దీస్కరాండ్రి."

అచ్చు తెచ్చాడు.

"నూనె మరకల ఓ బొక్క కనవడ్తలేదు. మళ్ల దియ్యిండ్రి."

మూడోసారి తెల్లకాగితం మీద ముగ్గులా తెచ్చాడు. బుచ్చిరాములు ముమ్మారు లెక్కపెట్టి, "ఒక్క బోల్టు తేడా ఉన్నది సారూ" అని కాగితం తిరిగిచ్చేశాడు.

"గీ దుకాణం తీసి మ్యూజియం పెట్టు మామా!" ఓంకార్ నెత్తి కొట్టుకున్నాడు. బెంచీ మీద చాయ్ తాగుతున్న యాకయ్య పగలబడి నవ్వాడు. షుగరుతో ఎడమకాలు పోయినా, ఎడమకాలితో పనిలేని, క్లచ్ లేని పాత ఆటోమేటిక్ కారుతో పెళ్లి ఊరేగింపులు నడిపి బతుకుతున్న మనిషి ఆయన.

పెద్దకర్మ మరునాడే కిషన్ రావు మళ్లీ దిగాడు. "ఇప్పుడన్న ఇస్తవా ఓంకార్? నా కారు మంచిగనే ఉన్నది. ఇది స్పేర్‌కు పెట్టుకుంట."

మొక్కు ఫలించిందనుకుంటూ ఓంకార్ గేర్‌బాక్స్‌ను పక్కకు పొర్లించి, కిషన్ రావు మళ్లీ తెచ్చిన అచ్చు కాగితాన్ని మూత మీద పరిచాడు. పద్నాలుగు బొక్కలూ పద్నాలుగు బోల్టుల మీద ఎక్కడివక్కడ కూర్చున్నాయి. జన్మలో బోల్టు లెక్క తప్పని మనిషి!

గోనెసంచి మడతలో మరో కాగితం కనిపించింది. అదే అచ్చు, అవే పద్నాలుగు బొక్కలు. యాకయ్య కాలు తీసేసిన ఏటి తారీఖు. కింద మామ చేతిరాత: "యాకన్న బండి. దాని గేర్‌బాక్స్ ఆగితే ఇదెక్కియ్యాలె."

ఓంకార్ గేర్‌బాక్స్‌ను మళ్లీ గోనెసంచి మీదికి పొర్లించాడు. ఈసారీ బొటనవేలే నలిగింది.

"ఏమైంది?" అన్నాడు కిషన్ రావు.

"ఏం జేస్తం సారూ, మామ చెప్పిందే నిజం. ఒక్క బోల్టు తేడా ఉన్నది."